పలకరింపుల కాలం

ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు ఏం జరిగిందో ఇందులో ఉండదు. మా ఆడపడుచును రొయ్యల షెడ్డు వ్యాన్ డ్రైవరు బలాత్కారం చేశాడు. అంతే. అంతకన్నా ఎక్కువ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం బాధ లేదు. ఎక్కడ, ఎలా, ఎంతసేపు, ఆమె అరిచిందా లేదా అన్న సంగతులన్నీ ఆ వేసవిలో మా అరుగు మీద కూర్చుని చాలామంది విన్నారు. మళ్ళీ ఇంకొకరికి వినిపించే పని నేను పెట్టుకోను.

ఆమెను దుర్గ అని రాస్తున్నాను. అది ఆమె పేరు కాదు. మా పేటలో ఇంటికొక దుర్గ ఉంటుంది, వీరదుర్గ, వెంకటదుర్గ, శ్రీదుర్గ, కాబట్టి వెతికినా దొరకదు. ఊరి పేరు కూడా చెప్పను. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న పల్లెపేటల్లో అదొకటి అనుకోండి చాలు.

రెండు వేల మూడు వేసవి అది. ఏప్రిల్ నడిమికల్లా వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నెలన్నరా సముద్రం మీదికి బోట్లను వెళ్ళనివ్వరు. అన్నిటినీ తెచ్చి కాలవలో కట్టేస్తారు. మామూలు రోజుల్లో మా పేటలో పగలు మగవాళ్ళు కనబడరు, ఆడవాళ్ళు తట్టలెత్తుకుని సంతలకు పోతారు, ఎవరి పరుగు వాళ్ళది. నిషేధం వచ్చిందంటే మాత్రం అందరూ ఇళ్ళ దగ్గరే. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ పేకాడుకుంటారు, ఆడవాళ్ళు వాకిట్లో కూర్చుని ఒకరి తల ఒకరు చూస్తారు. పెళ్ళిచూపులు, తగువులు, చుట్టపుచూపులు అన్నీ అప్పుడే. జనానికి ఆ తీరిక లేకపోయుంటే మా ఇల్లు ఇంకోలా ఉండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

నేను ఆ ఊరిదాన్ని కాదు. మాది పట్టిసీమ అవతల, గోదాట్లో వల వేసుకుని బతికే కుటుంబం. నా పేరు చిన్నమ్మాయి. పల్లంరాజును చేసుకుని కాపురానికొచ్చిన కొత్తలో నన్ను ఏటి చేప అని ఏడిపించేవారు. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది నా ఆడపడుచు దుర్గే. నేను వండిన పులుసు నాలిక్కి పెట్టుకుని, మీ గోదాట్లో ఉప్పు లేదని కూరలో కూడా వెయ్యరా వదినా అనేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇంటర్ తప్పి, రొయ్యల తలలు వొలిచే షెడ్డుకు వెళ్ళేది. సాయంత్రం వచ్చి నీచు వాసన పోవడానికి చేతులకు నిమ్మచెక్క రుద్దుకుంటూ సినిమా కథలు చెప్పేది. దాని గొంతు నాలుగిళ్ళ అవతలికి వినబడేది. మెల్లగా మాట్లాడవే అని మా అత్తగారు పెద్దింట్లమ్మ రోజూ కసురుకునేది.

నిషేధం మొదలైన వారంలోనే అది జరిగింది. పేటలో పెద్దమనిషి బుల్లియ్య గారు కుర్రాళ్ళను పంపి వాణ్ణి పట్టించి పోలీసులకు అప్పగించారు. ఇక్కడ మీరు ఇంకోటి ఎదురుచూస్తూ ఉంటారు. ఊరు వెలేసిందనీ, తప్పు పిల్లదేనన్నారనీ. అలా ఒక్కరు కూడా అనలేదు. ఊరు ఊరంతా మా వైపే ఉంది. అక్కడే వచ్చింది మా కష్టం.

మొదట వచ్చింది పక్కింటి పాపాయమ్మ గారు. హార్లిక్స్ సీసా, అరడజను బత్తాయిలు చీర చెంగు చాటున తెచ్చింది. మా అత్తగారి మెడ మీద చెయ్యి వేసి, ఇద్దరూ కాసేపు గొంతెత్తి ఏడ్చాక, ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఎలా జరిగింది వదినా?"

మా వైపు ఎవరైనా పోతే పలకరించడానికి వచ్చినవాళ్ళు అడగాల్సిన మాట అది. అడక్కపోతే పట్టించుకోలేదని ఇంటివాళ్ళు బాధపడతారు. అడిగితే ఇంటివాళ్ళు మొదటినుంచీ చెప్పాలి. పొద్దున్న ఏం తిన్నాడు, ఏం చొక్కా తొడుక్కున్నాడు, గుమ్మం దాటుతూ ఏమన్నాడు, అక్కణ్ణుంచి మొత్తం. వచ్చిన ప్రతివాళ్ళకీ మళ్ళీ మొదటినుంచీ. మా మామగారు వేటకెళ్ళి తిరిగిరానప్పుడు అత్తగారు అలాగే చెప్పింది. ఎన్ని వందల మందికో చెప్పి చెప్పి, ఒకరోజు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, అన్నం పెట్టవే చిన్నమ్మాయ్ అంది. అప్పుడే మాకు ధైర్యం వచ్చింది. ఆమెను బతికించింది ఆ పలకరింపులేనని నేను కళ్ళారా చూశాను. దుఃఖానికి ఆమెకు తెలిసిన మందు అదొక్కటే.

అందుకే పాపాయమ్మ గారు అడగ్గానే చాప మీద సర్దుకుని కూర్చుని మొదలుపెట్టింది.

"ఆవేళ పొద్దున్నే చద్దన్నంలో మావిడికాయ నంజుకుని వెళ్ళింది వదినా..."

ఆ తరవాతది నేను రాయను. ఆ మొదటి వాక్యంలో ఎవరికీ నష్టం లేదు కాబట్టి రాశాను.

మా ఇంట్లో గది అంటే తాటాకు తడికకు అవతల ఒక మంచం. దుర్గ దాని మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను మంచినీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి రెండు చెవుల మీదా తలగడ నొక్కుకుని ఉంది. నన్ను చూసి తలగడ తీసేసింది.  బయట అత్తగారి గొంతు సాగుతూనే ఉంది.

మర్నాటికి పేటంతా వచ్చింది. చేతులూపుకుంటూ రాకూడదని రొట్టెలు, గ్లూకోజ్ పొట్లాలు, కొబ్బరి బొండాలు, తాటి ముంజలు తెచ్చారు. మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గగానే బయల్దేరేవారు. ఆడవాళ్ళు చాపల మీద, మగవాళ్ళు వాకిట్లో. కూర్చోడానికి చోటు చాలక మా ఆయన షామియానా కొట్టు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు. కుర్చీలెందుకండీ, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాను. వచ్చినవాళ్ళను నిలబెడతామా అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. అతనికి చెల్లెలంటే ప్రాణం. వాకిట్లో కూర్చుని వచ్చే పోయేవాళ్ళకు దణ్ణాలు పెడుతూ, చెల్లెలికి ఇంతమంది ఉన్నారని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

పేపరువాళ్ళు పెద్దమనుషులు, పేరు రాయలేదు. ఊరు రాశారు. రొయ్యల షెడ్డు రాశారు. తండ్రి లేడనీ, అన్నయ్య ఒక్కడేననీ, వయసు ఇరవై రెండనీ రాశారు. దాంతో యానాం అవతలి చుట్టాలు కూడా టెంపో మాట్లాడుకుని వచ్చేశారు. వాళ్ళందరికీ అత్తగారు మావిడికాయ దగ్గర్నుంచి చెప్పింది. చెప్పిన కొద్దీ అది పెరిగింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగినవి, స్టేషన్లో రాసుకున్నవి, ఎవరో ఊహించి అన్నవి, అన్నీ అందులో చేరిపోయాయి. వినేవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకునేవారు. లేచి వెళ్ళేటప్పుడు తడిక పక్కకు జరిపి దుర్గను చూసేవారు. తల ఒక పక్కకు వాల్చి, నోరు చప్పరించి, అయ్యో తల్లీ అనేవారు. ప్రతివాళ్ళదీ అదే మొహం. తిట్టేవాడొస్తే మొహం మీద తలుపేసుకోవచ్చు. ఏడుస్తూ వచ్చినవాళ్ళ ముందు తలుపెలా వేస్తాం?

నేను అత్తగారితో పోట్లాడాను. ఆ పిల్ల వింటోంది, ఇంక చెప్పకండి అన్నాను. ఆమె నిజంగానే అర్థంకానట్టు చూసింది. కడుపులో పెట్టుకుంటే పిల్ల చచ్చిపోతుందే, దాని బదులు నేను చెబుతున్నాను అంది. ఆ మాట విన్నాక ఇంక ఆమె మీద నాకు కోపం నిలవలేదు.

ఎండలు ముదిరాయి. ఆ ఏడు వడదెబ్బకు జనం రాలిపోయారు, కాకులు కూడా చెట్లలోంచి కదిలేవి కావు. మా ఇంటికి మాత్రం రావడం మానలేదు. ఒకరోజు మధ్యాహ్నం నాకొక ఉపాయం తోచింది. ఆటలమ్మ పోసిన ఇంటికి వేపమండలు కడతారు. ఆ మండలు చూస్తే ఎంత చుట్టమైనా గుమ్మం దాటి రాడు. తడిక పక్కన కూర్చుని, నీకు ఆటలమ్మ పోసిందని చెప్పనా అని దుర్గను అడిగాను.

లోపల్నుంచి మాట వచ్చింది. "నాకు చిన్నప్పుడే పోసేసింది వదినా. ఊరందరికీ తెలుసు."

నిజమే. ఆ పేటలో ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు చేసిందో అందరికీ తెలుసు. తల వంచుకుని కూర్చున్నాను. అప్పుడు దుర్గ తడిక కొంచెం జరిపింది.

"నీకు పోసిందను. నీది ఎవరికి తెలుసు, ఏటి చేపవి."

అలా నాకు ఆటలమ్మ పోసింది. అత్తగారు ముందు ఒప్పుకోలేదు, అమ్మవారితో పరాచికాలా అని వణికిపోయింది. దుర్గే స్వయంగా అడిగేసరికి కాదనలేక గుమ్మానికి వేపమండలు కట్టింది. నేను మొహానికి పసుపు పూసుకుని తలుపుకు ఎదురుగా చాప మీద పడుకున్నాను. పాపాయమ్మ గారు దూరం నుంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి వాకిలి ఖాళీ అయింది. ఆటలమ్మ ఉన్న ఇంట్లో తాలింపు వెయ్యకూడదు, నీచు వండకూడదు. వాసన పొరుగింటికి తగిలితే గుట్టు రట్టవుతుందని పెరుగన్నం, పచ్చిపులుసులతోనే గడిపాం. మా ఆయన చప్పిడి కూడు తినలేక టీకొట్లో బజ్జీలు తిని వచ్చి, మూతి తుడుచుకుని మరీ లోపలికి వచ్చేవాడు.

ఆ నాలుగు రోజులూ దుర్గ ఇవతలికి వచ్చి నా చాప పక్కన కూర్చుంది. తల దువ్వుకుంది. నాతో అష్టాచెమ్మా ఆడింది, ఆడిన ప్రతిసారీ గెలిచింది. ఒక మధ్యాహ్నం నా మొహం మీద పసుపు చెమటకు కారి చెవుల్లోకి పోతుంటే చూసి, ఉన్నట్టుండి నవ్వింది. పాత నవ్వే, అదే గొంతుతో. వెంటనే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పక్కింటి గోడ వైపు చూసింది. నవ్వు వినబడితే వాళ్ళేమనుకుంటారోనని భయపడింది.  అయినా ఆ నవ్వు మేం సంపాదించుకున్నదే కదా అని సంతోషపడ్డాను.

అంతలో పాపాయమ్మ గారి మనవడికి నిజంగానే ఆటలమ్మ పోసింది. వేసవిలో ఏటా ఎవరికో ఒకరికి పోస్తుంది. కానీ ఆ కబురు వినగానే మా అత్తగారి మొహం పాలిపోయింది. అమ్మవారి పేరు మీద అబద్ధమాడాం కాబట్టి ఆ పసివాడి మీదికి వచ్చిందని గట్టిగా నమ్మింది. నేను చేతులు పట్టుకున్నాను, దుర్గ కాళ్ళు పట్టుకుంది. వినలేదు. పసివాడికి ఏమైనా అయితే ఆ పాపం ఎవరు మోస్తారే అంటూ మండలు పీకేసి, చెప్పులైనా లేకుండా ఆ ఎండలో వెళ్ళి పాపాయమ్మ గారికి మొత్తం చెప్పేసింది.

పాపాయమ్మ గారికి కోపం రాలేదు. పిల్ల కోసం చేశారు, అమ్మవారికి తెలీదా అని మా అత్తగారిని ఓదార్చింది. మర్నాడు పేటలో ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఎందుకనుకున్నారు? క్షమాపణ చెప్పడానికి. మేమొస్తే పిల్లకు కష్టంగా ఉంటుందని ఒక్కమాట చెబితే మానేసేవాళ్ళం కదా, ఇంత అవస్థ పడాలా అని ఒకరి తరవాత ఒకరు తడిక దగ్గరికి వెళ్ళి దుర్గకు చెప్పారు. చెప్పి కళ్ళు తుడుచుకుని, మధ్యాహ్నమంతా కూర్చున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాళ్ళలో పాపాయమ్మ గారి చెల్లెలు ఒకావిడ ఉంది. మనవణ్ణి చూడ్డానికి ఆవేళే ఊళ్ళోకి దిగింది. పాపం ఆమెకు ఏమీ తెలియదు. ఇంతకీ ఎలా జరిగింది అని అడిగింది. మా అత్తగారు చెంగు సర్దుకుంది.

"ఆవేళ పొద్దున్నే చద్దన్నంలో మావిడికాయ నంజుకుని వెళ్ళిందమ్మా..."

అప్పుడే దుర్గ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని తడిక అవతల నుంచి వచ్చింది. అన్నాళ్ళలో నలుగురి మధ్యకు రావడం అదే మొదలు.  అత్తగారి మాట నోట్లోనే ఆగిపోయింది. దుర్గ ఒక్కొక్కరికీ గ్లాసు అందించి, పళ్ళెం గోడకు ఆనించి, చాప చివర కూర్చుంది.

"మావిడికాయ కాదమ్మా," అంది. "ఉల్లిపాయ. ఆవేళ ఉల్లిపాయ నంజుకున్నాను."

 దుర్గ ఏడవలేదు. చెప్పమన్నట్టు తల్లి వైపు చూస్తూ కూర్చుంది, అంతే. కాసేపటికి ఎవరో టీలో పంచదార సరిపోయిందన్నారు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మా ఆయన కుర్చీలు తిరిగి ఇచ్చేసి వచ్చాడు.

రెండు రోజుల తరవాత తెల్లవారుజామున నేనూ దుర్గా కాలవ గట్టుకు వెళ్ళాం. కట్టేసిన బోట్లు ఒకదానికొకటి రాసుకుని చప్పుడు చేస్తున్నాయి. దుర్గ చాలాసేపు వాటినే చూసింది. ఇక్కడ నేను బుర్ర గోక్కున్నా ఎందుకు గోక్కుంటున్నానో చూస్తున్నారు వదినా అంది. నాకు చావాలని లేదు, భయపడకు అంది. తనకు కావలసింది ఒకటే అని చెప్పింది.

"నన్నెరగని చోటు ఒక్కటి కావాలి. అక్కడ నేను ఉత్త మనిషినై ఉండాలి."

రాజమండ్రిలో మా అక్క చేపలమ్ముతుంది. ఆమె వీధిలో ఒక చిన్న ఆస్పత్రి వాళ్ళు ఆడపిల్లలకు నర్సు పనిలో ట్రైనింగు ఇచ్చి, హాస్టల్లో పెట్టి, తరవాత ఉద్యోగం కూడా చూపిస్తారు. మా అక్కకు కబురు పెట్టాను. జూన్‌లో చేర్చుకుంటామన్నారు. మా అక్కకు కూడా కారణం చెప్పలేదు. ఇంటర్ తప్పిన పిల్ల, ఏదో ఒక దారి చూడాలి అన్నానంతే. దుర్గ ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకుంది. ఆ వారం రోజులూ అన్నం సరిగ్గా తింది. పెట్టెలో బట్టలు పెట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం.

బయల్దేరే ముందు అత్తగారితో ఒట్టు వేయించుకున్నాను. దుర్గ తల మీద చెయ్యి పెట్టించి, అక్కడ ఎవరికీ చెప్పనని అనిపించాను. ఆమె అంది. మనస్ఫూర్తిగానే అంది. నీ మంచి కోసమే అంటే నేను నోరు కుట్టేసుకోనా అని కూతురి నెత్తిన ముద్దు పెట్టుకుంది.

మేం బస్సెక్కిన రోజుకు నిషేధం ఎత్తేశారు. కాలవ ఖాళీ అయిపోయింది. మగవాళ్ళందరూ వేటకు పోయారు, ఆడవాళ్ళు ఐసు కోసం, తట్టల కోసం పరుగులు పెడుతున్నారు. పేటంతా దాటి బస్టాండు దాకా నడిచాం. ఎవరూ ఆగలేదు, ఎవరూ తల వాల్చి చూడలేదు. దుర్గను ఆరోజు ఎవరూ గమనించనైనా లేదు.

రావులపాలెం దాకా అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకునే కూర్చుంది. పక్క సీట్లో ఒకావిడ, మీ అమ్మాయాండీ అని అడిగితే తల ఊపి కిటికీ వైపు తిరిగింది. నేను ఆమె చెయ్యి నొక్కాను. పరవాలేదు, నిలబడుతుంది అనుకున్నాను.

హాస్టలు పాత మేడ. వార్డెన్ గారు యాభై ఏళ్ళ మనిషి, చల్లని మొహం. ముగ్గురికీ మజ్జిగ ఇప్పించింది. కాగితాల మీద సంతకాలయ్యాక దుర్గ సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది. పిల్ల బాగా చిక్కిపోయినట్టుంది, ఒంట్లో బాగోలేదా అని వార్డెన్ గారు అడిగింది. ఎండలకండి, వడదెబ్బ తగిలింది అన్నాను. ఆమె సరేనంది. అక్కడితో అయిపోవలసింది. కానీ మంచి మనిషి కదా, మా అత్తగారి కళ్ళల్లో నీళ్ళు చూసి కుర్చీ దగ్గరికి లాక్కుని, భుజం మీద చెయ్యి వేసింది.

"బెంగ పెట్టుకోకమ్మా. మీ అమ్మాయిని నా కూతురిలా చూసుకుంటాను. ఏదైనా ఉంటే నాకు చెప్పు."

అత్తగారు నా వైపు చూసింది. నేను వద్దని తల ఊపాను. ఆమె పెదాలు బిగబట్టింది. ఆ వేసవిలో మధ్యాహ్నం అయితే చాలు, ఒక చెయ్యి ఆమె భుజం మీద పడటం, ఆమె చెప్పడం. ఒట్టు ఆమెకు గుర్తుంది, అది ఆమె మొహంలో నాకు కనబడుతూనే ఉంది. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆవేళ పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని వెళ్ళిందమ్మా..."

ఉల్లిపాయ అంది. కూతురు దిద్దిన మాటను మరిచిపోకుండా దిద్దుకుంది. నేను ఆమె మోకాలు పట్టుకుని కుదిపాను, మజ్జిగ గ్లాసు కింద పారేశాను. వార్డెన్ గారు నన్ను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఉండమ్మా, పెద్దావిడ గుండె బరువు దించుకోనీ అంది. అత్తగారు చివరిదాకా చెప్పింది.

దుర్గ నీళ్ళ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. వార్డెన్ గారు లేచింది. తల ఒక పక్కకు వాల్చి, నోరు చప్పరించింది. అయ్యో తల్లీ అంటూ చేతులు చాపుకుని దుర్గ దగ్గరికి వెళ్ళి గుండెకు హత్తుకుంది. దుర్గ ఆ చేతుల మధ్య కర్రలా నిలబడింది. ఆమె వదిలాక సీసా మూత బిగించుకుంది.

"నా మంచం ఏదండీ?" అంది.

గేటు దాకా నాతో వచ్చింది. అత్తగారు ముందు వెళ్ళి రిక్షా మాట్లాడుతోంది.  దుర్గే నా జాకెట్టు భుజం మీద మడత సరిచేసింది.

"నన్ను చూడ్డానికి రాకండి వదినా," అంది. "ఎవ్వరూ రావద్దు." కోపంగా అనలేదు. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అంది.

తిరుగు బస్సులో అత్తగారు తేలిగ్గా ఉంది. మంచావిడ దొరికింది, అన్నీ చెప్పేశాను, ఇంక పిల్లకు భయం లేదు అంది. వంతెన దాటకముందే నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ వేసవి మొత్తంలో ఆమె కంటినిండా నిద్రపోవడం నేనప్పుడే చూశాను. ఒట్టు తప్పానన్న ఊహ కూడా ఆమెకు లేదు. ఆ తలను తోసెయ్యాలనిపించింది. తోసెయ్యలేక, మా బస్టాండు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.

నెల తిరక్కుండా దుర్గ హాస్టల్ నుంచి వెళ్ళిపోయింది. ఇంటికి వెళుతున్నానని చెప్పి పెట్టె తీసుకుని బయల్దేరిందట, ఇంటికి రాలేదు. మా ఆయన వెళ్ళి అడిగితే వార్డెన్ గారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎంతో జాగ్రత్తగా చూసుకున్నాం, ఆ అమ్మాయి దగ్గర హాస్యాలాడొద్దని మిగతా పిల్లలందరికీ కూర్చోబెట్టి చెప్పాను కూడా అంది. కొన్నాళ్ళకు మా ఊరి ఎస్టీడీ బూతుకు ఒక ఫోను వచ్చింది. బాగున్నానని వదినకు చెప్పండి, వెతకొద్దనండి అని పెట్టేసిందట. ఆ కబురు పేటంతా తిరిగి చివరికి నా దగ్గరికి వచ్చింది. ఫోనొచ్చిందటగా అని పలకరించడానికి నలుగురు వచ్చారు. వాయిదాలకు రావలసిన మనిషి లేక కేసు కొట్టేశారు. వాడు ఇప్పుడు ఇంకెక్కడో వ్యాన్ నడుపుకుంటున్నాడని విన్నాను.

చాలా ఏళ్ళకు మా వాడి పుట్టువెంట్రుకల మొక్కు తీర్చడానికి సామర్లకోట వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన టిక్కెట్ల కోసం లైన్లో ఉన్నాడు. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. కాస్త దూరంలో ఒకే రంగు చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు నలుగురైదుగురు, ఏదో డ్యూటీ నుంచి వస్తున్నట్టున్నారు, గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. అందరికన్నా పెద్ద గొంతు నాకు తెలుసు. కొంచెం లావెక్కింది. చేతిలో వేరుశనగల పొట్లం ఉంది. ఎవరినో అనుకరిస్తూ చెబుతోంది, పక్కవాళ్ళు పడిపడి నవ్వుతున్నారు.

అంతలో ఇటు తిరిగి నన్ను చూసింది. మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె మొహంలో కనబడింది సంతోషం కాదు, కోపమూ కాదు. భయం. నేను ఒక్క అడుగు ముందుకు వేస్తే, దుర్గా అని పిలిస్తే, ఆ పక్కవాళ్ళు ఎవరీవిడ అని అడిగితే. అదంతా ఆ కళ్ళల్లో ఉంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా జడ అల్లిన పిల్ల నన్ను చూసి భయపడింది.

నేను పిల్లాణ్ణి ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుని, రైళ్ళ టైములు రాసిన బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఒక్క అక్షరం కనబడలేదు. వెనకాల కాసేపు చప్పుడు లేదు. తరవాత ఆ గొంతు మళ్ళీ మొదలైంది, ముందుకన్నా మెల్లగా. రైలొచ్చింది, వాళ్ళు ఎక్కారు, పోయారు. మా ఆయన టిక్కెట్లతో వచ్చి, ఏంటే కళ్ళు ఎర్రగా ఉన్నాయి అన్నాడు. బొగ్గు పడిందన్నాను. కరెంటు రైళ్ళకు బొగ్గేంటని అతను అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. చూపు బాగా మందగించింది. ఎవరు ఊరెళ్ళి వచ్చినా ఆమె మొదట అడిగేది ఒకటే.

"దారిలో మనవాళ్ళెవరైనా కనబడ్డారా?"

ఎవరూ కనబడలేదని చెప్పాను. ఆమె వీధి వైపు తిరిగింది.

"ఎక్కడుందో ఏంటో," అంది. "దాన్ని పలకరించే దిక్కైనా ఉందో లేదో."